పిల్లల ఊబకాయం: ఊరి సంసిద్ధతకు స్కోరు ఎలా వేయాలి?

ప్రశ్న: పిల్లల ఊబకాయాన్ని ఆపడానికి మా టౌను ఎంత సిద్ధంగా ఉందో కొలరాడో స్టేట్ యూనివర్సిటీ కమ్యూనిటీ రెడీనెస్ మోడల్‌తో చూద్దామనుకుంటున్నాం. ఎవరిని అడగాలి? స్కోరెలా వేయాలండీ?

జవాబు 1: కనీసం ఆరుగురు కావాలి: హెడ్మాస్టరు, అంగన్‌వాడీ టీచరు, కౌన్సిలరు, ఆశా కార్యకర్త, ఒక తల్లి, బడి పక్క కొట్టతను. అందరూ ఆరోగ్యశాఖవాళ్లే అయితే స్కోరు ఊరికే పెరుగుతుంది. ఒక్కొక్కరి ఇంటర్వ్యూ రికార్డు చేసి, ఉన్నదున్నట్టు రాసుకోండి. జరుగుతున్న పనుల గురించి తెలియడం, నాయకత్వం, జనం వైఖరి, సమస్యపై అవగాహన, వనరులు: ఒక్కోదానికి 1 (సమస్య ఉందనే తెలియని దశ) నుంచి 9 (ఊరే తన పనిగా తీసుకున్న దశ) వరకు స్కోరు. స్కోరు వేసే ఇద్దరు విడివిడిగా వేశాకే కూర్చుని ఒక అంకెకు రావాలి.

జవాబు 2: అందరి సగటు 3.8 వస్తే 4 కాదండీ, 3వ దశే. కిందికే దించాలి. "బొద్దుగా ఉంటేనే ముద్దు, పెద్దయితే అదే తగ్గుతుంది" అన్నది ఊరందరి మాటైతే వైఖరి 2 దాటదు. నాయకుడి అభిప్రాయం అడిగితే చాలదు, ఏం చేశాడో అడగండి.

జవాబు 3: తక్కువ స్కోరున్న చోటే మొదలుపెట్టాలి. 2లో ఉన్న ఊళ్లో వాకథాన్ దండగ, ఒక్కొక్కరితో మాట్లాడాలి. బడి గేటుకు 50 మీటర్లలోపు కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని 2020 ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నిబంధన ఉంది. అది కౌన్సిలరుకు తెలుసో లేదో ఇంటర్వ్యూలోనే తేలిపోతుంది.