సమస్యాపూరణం: ‘నిప్పుకొండ కడుపు నీటికుండ’

నిర్వాహకుడు (విజయనగరం):
ఈ వారం సమస్య ‘నిప్పుకొండ కడుపు నీటికుండ’. ఇది ఐదు సూర్యగణాల (ఒక్కొక్కటి మూడు లఘువులు గాని, ఒక గురువు–ఒక లఘువు గాని) పాదం కనుక ఆటవెలదిలో రెండవ పాదంగా గాని నాలుగవ పాదంగా గాని ఇముడుతుంది. యతి, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన మైత్రి, ‘ని–నీ’లకు చెల్లింది. మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల కొండలు ఖోండలైటు, చార్నొకైటు శిలలవే తప్ప నిప్పు కక్కినవి కావు కాబట్టి ఊహకు కొంత శ్రమ తప్పదు. అయినా అడిగినది లోకంలో నిజంగా ఉన్న వస్తువునే గనుక, దానిని కళ్ళారా చూచినవారు ఎవరైనా ఉంటే ముందుగా వారి పూరణ వినాలని ఉంది.

శ్రీకాకుళం సభ్యుడు:

నాడు బూది కక్కి నలుదెసల్ ముంచెను
నేడు నింగి రంగు నీరు నిండెఁ
గొడుకు చేయి పట్టి నడిచి చేరితి మౌర
నిప్పుకొండ కడుపు నీటికుండ!

అయ్యా, నేను చూచాను. మా అబ్బాయి ఫిలిప్పీన్స్‌లో వైద్యం చదువుతున్నాడు. గడచిన ఫిబ్రవరిలో వాడిని చూడడానికి వెళ్ళినప్పుడు ఒక రోజు పినటుబో కొండకు తీసుకుపోయాడు. చీకటితోనే బయలుదేరి, టార్లాక్ ప్రాంతంలో కాపాస్ పట్టణానికి చెందిన శాంటా జులియానా అనే పల్లె చేరి, అక్కడి నుంచి జీపులో ఏటి పొడవునా వెళ్ళి, జీపు ఆగిపోయిన చోటి నుంచి నడిచాము. నాగావళి ఇసుకలో నడిచి పెరిగిన కాళ్ళు కావడంతో అది మామూలు ఇసుకేననుకున్నాను. కాని అది 1991 జూన్ 15న ఆ కొండ కక్కిన బూడిద, వానలకు బురదగా పారి, పేరుకొని, మళ్ళీ ఏటికోతకు గోడలుగా నిలిచినదని అబ్బాయి చెప్పినప్పుడు కాసేపు అడుగు వేయడానికి మనసొప్పలేదు. దారిలో పిడికెడంత రాయి ఒకటి తీసి నీళ్ళలో వేస్తే అది మునగలేదు; లోపలంతా గాలి బుడగలతో గడ్డకట్టిన రాయి అది.

పేలక ముందు ఆ కొండ ఎత్తు 1745 మీటర్లు, ఇప్పుడు 1485. మందస వైపు నుంచి మనం చూచే మహేంద్రగిరి 1501 మీటర్లు కదా, దానికి ఇంచుమించు సమానమైన కొండ ఒకటి 260 మీటర్ల నెత్తిని పోగొట్టుకొని నిలబడిందన్నమాట. పేలిన నాడే అక్కడ తుపాను కూడా వచ్చింది. వానకు తడిసి బరువెక్కిన బూడిద కింద ఇళ్ళ కప్పులు కూలడం వల్లనే చాలామంది చనిపోయారు. 2018లో తిత్లీ తుపాను రాత్రి కప్పు వంక చూస్తూ కూర్చున్నవాళ్ళం మనం, ఆ భయం ఎటువంటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు. చివరి మెట్ల మీద నా మోకాళ్ళు సహకరించలేదు. మూడవ పాదంలో ఉన్నది కల్పన కాదు, అబ్బాయి నిజంగానే నా చేయి పట్టుకొని ఎక్కించాడు. పైకి చేరాక రెండున్నర కిలోమీటర్ల వెడల్పున నీలం నీరు కనబడింది. పొగ ఉంటుందేమో, గంధకం వాసన వస్తుందేమో అని చూచాను. గాలి తప్ప ఏమీ లేదు.

బొబ్బిలి సభ్యురాలు:
మాష్టారూ, పద్యం చదివి మీ వెంట ఎక్కినట్టే అయింది. కాని మూడవ పాదంలో యతి కుదిరిందా? ‘గొ’కు ‘న’తో మైత్రి లేదు కదా.

నిర్వాహకుడు:
అమ్మా, ఆ పాదంలో ఉన్నది ప్రాసయతి, అంటే యతిస్థానాల్లో మొదటి అక్షరాలకు బదులు రెండవ అక్షరాలు కలవడం. ‘గొడుకు’లో మొదటి అక్షరం లఘువు, రెండవది డకారం, ‘నడిచి’లోనూ మొదటిది లఘువు, రెండవది డకారమే. ఆటవెలదిలో ఇది చెల్లుతుంది. రెండవ పాదం చివర ద్రుతం (ఇక్కడ అరసున్నగా మారిన నకారం) ఉన్నందువల్ల ‘కొడుకు’ను ‘గొడుకు’ చేయడం కూడా సరిగానే ఉంది. పూరణకు ప్రాణం ‘నాడు – నేడు’ల వ్యత్యాసం; సమస్యలోని విరోధాన్ని ఆ కాలభేదమే విప్పింది.

టెక్కలి సభ్యుడు:

నీటిలోన నిప్పు నిలిచెడి బడబాగ్ని
కథలు విన్న చెవికి కష్టమేమి?
తిరుగవేసి చూడఁ దేటతెల్లంబిదే
నిప్పుకొండ కడుపు నీటికుండ!

నిర్వాహకుడు:
చమత్కారం బాగుంది, సముద్రంలోని అగ్నిని తలకిందులు చేసి కొండలోని నీటిని చూపించారు. అవధాన వేదిక మీద దీనికి చప్పట్లు తప్పవు. అయితే ఇందులో కొండ లేదు, చూచిన కన్ను లేదు. అందుకే మొదటి పూరణ దీనికన్న ఒక మెట్టు పైన ఉందని నా అభిప్రాయం.

చీపురుపల్లి సభ్యుడు:

ఉప్పునీటి చెంత నొక దిన ముంటిమి
గుంట చుట్టు రాళ్ళు గుట్ట లయ్యె
నల్లరాతి లోన నవ్వెడి నీరిది
నిప్పుకొండ కడుపు నీటికుండ!

మహారాష్ట్రలోని లోణార్ సరస్సుకు వెళ్ళివచ్చిన సందర్భంలో రాసినది.

నిర్వాహకుడు:
గణాలు, యతులు అన్నీ సరిపోయాయి, సరిపోనిది వస్తువే. లోణార్ గుంట అగ్నిపర్వతం వల్ల ఏర్పడలేదు, ఆకాశం నుంచి పడిన ఉల్క తాకిడికి ఏర్పడింది. దాని చుట్టూ ఉన్న నల్లరాయి దక్కను లావా గడ్డకట్టిన బసాల్టు కావడంతో చాలామంది ఇలాగే పొరబడతారు. సమస్యలో ‘నిప్పుకొండ’ అన్నది ముఖ్యమైన మాట కనుక దీనిని స్వీకరించలేను. ఉల్కనే వస్తువుగా తీసుకొని మరొక పద్యం రాయండి, ‘నల్లరాతి లోన నవ్వెడి నీరు’ అన్న మాటను మాత్రం వదులుకోవద్దు.

బొబ్బిలి సభ్యురాలు:
శ్రీకాకుళం మాష్టారు చెప్పినది చదివాక, ఆ నీరు అక్కడికి ఎలా చేరిందన్న దాని మీద నా ప్రయత్నం:

వాన వెంట వాన వచ్చి పైఁ గురిసెను
గాయ మైన చోట గరళ మణగెఁ
గురిసి కురిసి మబ్బు కొలిమి చల్లారెను
నిప్పుకొండ కడుపు నీటికుండ!

నిర్వాహకుడు:
భావంలో దీనిని మించినది ఇంకా రాలేదు. లోపలి శిలాద్రవం బయటికి పోయి ఖాళీ అయినందువల్ల పినటుబో శిఖరం లోపలికి కుంగి గిన్నెలా మారింది. ఆ గిన్నెను నింపినది వర్షమే. మొదట్లో ఆ మడుగు చిన్నది, సుమారు 40 డిగ్రీల వేడి, పి.హెచ్. 2 వరకు దిగిన ఆమ్లం. ఏటేటా వానలు పలుచన చేయగా 2003 నాటికి వేడి 26 డిగ్రీలకు తగ్గి, పి.హెచ్. 5.5కు పెరిగింది, అంటే ఆమ్లగుణం తగ్గింది. మీరన్న ‘గరళ మణగె’ అక్షరాలా జరిగినదే.

అయితే మూడవ పాదంలో వ్యాకరణదోషం ఉంది. ‘కురిసి’ అన్న క్త్వార్థకానికీ (ముందు జరిగిన పనిని చెప్పే అసమాపక క్రియకూ) తరువాతి క్రియకూ కర్త ఒకటే కావాలి. మీ పాదంలో కురిసినది మబ్బు, చల్లారినది కొలిమి. ఇలా మారిస్తే దోషం పోతుంది:

గురిసి కురిసి మబ్బు కొలిమినిఁ జల్లార్చె

శ్రీకాకుళం సభ్యుడు:
అమ్మాయి పద్యం నా పద్యం కన్న లోతుగా ఉంది. నేను నీరు నిండిందన్నాను, తాను ఎలా నిండిందో చెప్పింది. ఒక్క మాట చేరుస్తాను. ఆ కుండకు గండి కూడా పడింది. నీటిమట్టం నెలకు సగటున ఒక మీటరు చొప్పున పెరుగుతూ పోవడంతో, గట్టు తెగితే దిగువ ఊళ్ళు కొట్టుకుపోతాయని భయపడి, 2001 సెప్టెంబరులో దిగువన ఉన్నవారిని ఖాళీ చేయించి, గట్టుకు కోత పెట్టి నీటిని వదిలారు. చెరువు నిండితే అలుగు ఎలా పారుతున్నదో అర్ధరాత్రి లాంతరు పట్టుకొని చూచివచ్చిన మా నాన్నగారు ఆ మాట వినగానే గుర్తుకొచ్చారు.

బొబ్బిలి సభ్యురాలు:
సవరణ శిరోధార్యం, గురువుగారూ. మాష్టారు చెప్పిన గండి మీద ఇంకొక పద్యం రాస్తాను. ఇదే సమస్యను ఈసారి రెండవ పాదంగా నిలిపి, కుండ నిండిన భయంతో మొదలుపెట్టవచ్చునా?

నిర్వాహకుడు:
తప్పక రాయండి. ఆదివారం సాయంత్రం వరకు గడువు ఉంది. ‘నీటికుండ’ తరువాత మూడవ పాదాన్ని అచ్చుతో మొదలుపెడితే సంధి గాని, నడుమ యకారం గాని వస్తుంది. అక్కడ యతి చూసుకోండి.