తెలుగు స్క్రిప్టుకి 'పేజీకి నిమిషం' లెక్క కుదరట్లేదు

స్క్రిప్టులో ఒక పేజీ తెరమీద సుమారు ఒక నిమిషం అంటారు కదా. బరంపురంలో తీయబోయే 10 నిమిషాల షార్ట్ ఫిల్మ్ స్క్రిప్టు మాత్రం 16 పేజీలొచ్చింది. స్టాప్‌వాచ్ పెట్టి చదివితే 9 నిమిషాల 40 సెకన్లే. ఇంగ్లిష్ స్క్రిప్టులకు వాడే కొరియర్ ఫాంటులో తెలుగు అక్షరాలు లేవని నోటో సాన్స్ తెలుగు 12 పాయింట్లలో పెట్టాను. ఇంగ్లిష్‌లో పేజీకి సుమారు 55 లైన్లు పట్టేచోట 34 పడుతున్నాయి. లైన్ స్పేసింగ్ 12 పాయింట్లకు బిగిస్తే 'స్త్ర' కింద వత్తులు తెగిపోతున్నాయి. సైజు 10కి దించితే నటులు చదవలేమన్నారు. డైలాగు పేజీ 35 సెకన్లలోపే అయిపోతోంది. గోపాల్‌పూర్ తీరంలో మాటల్లేని సీను మాత్రం ఆరు లైన్లే, నిమిషంన్నర నడుస్తుంది (అది ఏ ఫాంటుతోనూ తేలదులెండి). ఒడియా డైలాగులూ తెలుగు లిపిలోనే ఉన్నాయి.

ఏ4 కాగితం, ఎడమ మార్జిన్ ఒకటిన్నర అంగుళం. డైలాగు పేజీ ఇంచుమించు నిమిషానికి రావాలంటే మీరు ఏ తెలుగు ఫాంటు, ఎంత సైజు, ఎంత లైన్ స్పేసింగ్ పెడుతున్నారు?