బార్లీవైన్ సీసాలు ఎన్నేళ్ళు దాచాలి? మెంతుల వాసన వస్తే పాడైనట్టేనా?

డాలస్_సెల్లార్
బార్లీవైన్ అంటే ఆల్కహాల్ బాగా ఎక్కువున్న చిక్కటి బీరు. అందులో సియెర్రా నెవాడా బిగ్‌ఫుట్ 2019 నుంచి ఏటా ఒక సిక్స్ ప్యాక్ దాస్తున్నా. ఫుల్లర్స్ వింటేజ్ ఏల్ రెండు, లీస్ హార్వెస్ట్ ఏల్ ఒకటి కూడా ఉన్నాయి. అన్నీ క్లోజెట్‌లోనే, వేసవిలో 78 ఫారెన్‌హీట్ దాకా వెళ్తుంది. మూతలకి మైనం పూయాలా? నిలబెట్టాలా, పడుకోబెట్టాలా? అన్ని సంవత్సరాలవీ ఒకేసారి తెరిస్తే ముందు పాతది తాగాలా, కొత్తదా? మొన్న తెరిచిన 2019లో మెంతుల వాసన వచ్చింది. అది పోయినట్టేనా?

చల్లటిగది
78 అంటే 25 సెల్సియస్ దాటింది. ముందు ఆ సంగతి చూడండి, మైనం మాట తర్వాత. పది సెల్సియస్ డిగ్రీలు పెరిగితే ముదిరే వేగం రెండు మూడు రెట్లవుతుంది. పైగా వేడిలో త్వరగా ముదిరిన రుచి, చల్లగా నెమ్మదిగా ముదిరిన రుచి ఒకటి కావు. పాత ఫ్రిజ్ ఒకటి కొని, బయట టెంపరేచర్ కంట్రోలర్ తగిలించి 54 ఫారెన్‌హీట్‌కి పెట్టండి. సెన్సార్‌ని గాలిలో వేలాడదీయొద్దు. నీళ్ళు నింపిన బీరు సీసాకి టేపుతో అంటించి, పైన గుడ్డ చుట్టండి. గాలిలో ఉంటే తలుపు తీసినప్పుడల్లా కంప్రెసర్ ఆన్ అవుతుంది. కంప్రెసర్ డిలే (ఆగాక మళ్ళీ ఆన్ అయ్యేలోపు వ్యవధి) కనీసం 5 నిమిషాలు ఉండాలి.

ముక్కుపుటం
మెంతుల వాసనకి కారణం సోటోలాన్ అనే పదార్థం. వంటింట్లో మెంతుల డబ్బా తీయగానే ముక్కుకి తగిలేది అదే. షెర్రీ, మదీరా అనే వైన్లలో దాన్ని గుణంగానే లెక్కేస్తారు. ఖర్జూరం, తాటిబెల్లం, బాదం వాసనల వెనక సన్నగా ఉంటే సీసా బాగా ముదిరిందని అర్థం. పారబోయకండి.

ఈస్ట్‌బే_హాప్స్
అన్నా, ఇలా సమర్థించుకుంటూ పోతే పాడైన బీరంటూ ఏదీ మిగలదు. సోటోలాన్ పెరగడానికి ఆక్సిజన్, వేడి తోడ్పడతాయి. ఆ రెండూ తగిలిన సీసాలో ట్రాన్స్-2-నోనెనాల్ కూడా ఉంటుంది, అంటే తడిసిన అట్టపెట్టె వాసన. 9.6 శాతం ఆల్కహాల్, 90 ఐబీయూ (చేదు కొలత) ఉన్న బిగ్‌ఫుట్‌ని హాప్స్ కోసం, అంటే బీరుకి చేదు, సువాసన ఇచ్చే పువ్వుల కోసం తాగాలి. ఏడాది లోపే తాగేయాలి.

ముక్కుపుటం
అట్ట వాసన ముందు పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది. టాఫీ తీపి మాత్రం పెరుగుతూనే పోతుంది. 1977లో బీరు పరిశోధకుడు డాల్‌గ్లీష్ గీసిన గ్రాఫ్ చూపించేది ఇదే. రెండేళ్ళ సీసా నచ్చలేదని ఆరేళ్ళ సీసాని తీసిపారేస్తే ఎలా?

ఈస్ట్‌బే_హాప్స్
ఆ గ్రాఫ్‌ని ప్రతి బీరుకీ అతికించొద్దు. అందులో మొదటి గీత చేదు తగ్గడమేగా, దాని మాట ఎందుకు ఎత్తరు? హాప్స్ చేదునిచ్చే ఐసో-ఆల్ఫా ఆమ్లాల్లో ట్రాన్స్ అనే రకం ముందు విరిగిపోతుంది. మిగిలేది మొరటు చేదు, నాలుకని పట్టేసే వగరు. దానికి ‘సంక్లిష్టత’ అని పేరు పెట్టడం నాకు నచ్చదు.

ముక్కుపుటం
నచ్చకపోవడం వేరు, పాడవడం వేరు. తేడా తెలియాలంటే ఇలా చేయండి. చిటికెడు మెంతులు నలిపి, గోరువెచ్చటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి పక్కన పెట్టుకోండి. 100 మి.లీ. బీరు స్నిఫ్టర్‌లో (మూతి సన్నగా ఉండే గ్లాసులో) పోసి, 12–13 సెల్సియస్‌కి వచ్చాక వాసన చూడండి, అరగంట ఆగి మళ్ళీ చూడండి. 4 డిగ్రీల దగ్గర ఏదీ తెలియదు. మెంతులతో కలిసేది సోటోలాన్. సోయా సాస్, మాంసం రసం లాంటిదైతే ఈస్ట్ చచ్చి కరిగిపోయిందని, అది వేరే సమస్య. ఈ రెంటినీ కలిపి ‘పాత వాసన’ అనేయడం తప్పు.

బర్టన్_నీళ్ళు
ఇంత మాట్లాడుకున్నారు, ఇంగ్లీష్ బార్లీవైన్ ఊసే లేదు. ఇంగ్లండ్‌లోని బర్టన్‌లో బాస్ నంబర్ 1 అనే బార్లీవైన్ వచ్చిన ఎన్నో దశాబ్దాలకి అమెరికాలో 1975లో ఓల్డ్ ఫాగ్‌హార్న్ వచ్చింది. హార్వెస్ట్ ఏల్‌లో మారిస్ ఆటర్ మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), ఈస్ట్ కెంట్ గోల్డింగ్స్ హాప్స్, 11.5 శాతం ఆల్కహాల్. దాచడానికి పనికొచ్చేది అలాంటిది. పాత ఇంగ్లీష్ స్టాక్ ఏల్స్‌లో (చాలాకాలం నిలవ ఉంచే బీర్లలో) తోలు వాసన బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్‌ది. 1904లో కార్ల్స్‌బర్గ్ బ్రూవరీలో క్లాసెన్ అనే పరిశోధకుడు దాన్ని వేరుచేసింది ఆ బీర్ల నుంచే.

నార్త్_కరోలినా_బ్రూ
ఇంట్లో కాచేవాళ్ళకో మాట. 1.100 గ్రావిటీ (నీటితో పోలిస్తే సాంద్రత, చక్కెర ఎంతుందో చెప్పేది), 20 లీటర్ల వర్ట్‌కి (ఇంకా పులియని మాల్ట్ రసానికి) ఒక డ్రై ఈస్ట్ ప్యాకెట్ వేసి, 1.040 దగ్గర ఆగిపోయిందని బాధపడేవాళ్ళే ఎక్కువ. కనీసం 360 బిలియన్ కణాలు కావాలి, రెండు మూడు ప్యాకెట్లు. ఈస్ట్ వేసేముందు నిమిషం పాటు ఆక్సిజన్, 12 గంటలకి ఇంకోసారి. మొదటి మూడు రోజులు 18 సెల్సియస్, తర్వాత 21కి పెంచండి. ఆరు నెలలు ట్యాంకులో పెట్టినదాన్ని పాత ఈస్ట్‌తోనే సీసాల్లో పోస్తే గ్యాస్ పట్టదు. సీసాల్లో పోసే రోజు సీబీసీ-1 అనే ఈస్ట్ కొత్తగా 2 గ్రాములు, 20 లీటర్లకి డెక్స్‌ట్రోజ్ చక్కెర సుమారు 100 గ్రాములు. సీబీసీ-1 మాల్ట్‌లోని మాల్టోట్రయోజ్ అనే చక్కెరని తినదు కాబట్టి, మిగిలిన తీపి మీద మళ్ళీ పులిసి సీసాలు పేలవు.

చల్లటిగది
డెక్స్‌ట్రోజ్ 100 అంటే గ్యాస్ రెండు వాల్యూముల (బీరు పరిమాణానికి రెండింతల) దగ్గరికి వస్తుంది, సరే. కానీ 12 గంటలకి ఆక్సిజన్ అంటున్నారే, ఈస్ట్ అప్పటికే జోరందుకుంటే?

నార్త్_కరోలినా_బ్రూ
18 గంటల లోపైతే ఈస్ట్ ఇంకా పెరిగే దశలోనే ఉంటుంది, వాడేసుకుంటుంది. రెండో రోజు ఇస్తే అదే ఆక్సిజన్ సీసాలోకి అట్ట వాసన తెస్తుంది. టైమింగ్ తప్పితే మొత్తం పోయినట్టే.

ఈస్ట్‌బే_హాప్స్
అంటే ఆక్సిజన్ చెడ్డదని మీరూ ఒప్పుకుంటున్నారు కదా!

నార్త్_కరోలినా_బ్రూ
ఈస్ట్ వేసే రోజు అవసరం, ఆ తర్వాత చెడు. ఇందులో గొడవేముంది?

డాలస్_సెల్లార్
మైనం, నిలబెట్టడం, వరస… వీటికి ఎవరూ జవాబివ్వలేదు.

బర్టన్_నీళ్ళు
నిలబెట్టండి. మడ్డి అడుగున కూర్చుంటుంది, బీరుకి గాలి తగిలే వైశాల్యం తగ్గుతుంది. మైనం పూసినా మూతకింది లైనర్ బాగుండాలి, లోపల మిగిలిపోయిన గాలిని మైనం ఏమీ చేయలేదు. ఉత్త కొవ్వొత్తి మైనం ఫ్రిజ్‌లో పగుళ్ళిస్తుంది, హాట్ గ్లూ కర్రలు కలిపి కరిగిస్తే పట్టి ఉంటుంది. వింటేజ్ ఏల్ సీసాలోనే ఈస్ట్‌తో వస్తుంది, పోసేటప్పుడు చివరి రెండు వేళ్ళు సీసాలోనే వదిలేయండి.

ముక్కుపుటం
బిగ్‌ఫుట్ అయితే పాతదే ముందు. కొత్తదాని చేదు నాలుక మీద కూర్చుంటే పాతదాని టాఫీ తెలియదు. మనిషికి ఒక్కోటి 60 మి.లీ. చాలు, మధ్యలో నీళ్ళు, ఉప్పులేని బ్రెడ్డు. హార్వెస్ట్ ఏల్‌ని ఆ వరసలో కలపకండి, దాని తీపి మిగతావాటిని మింగేస్తుంది.

ఈస్ట్‌బే_హాప్స్
కొత్తదే ముందు. హాప్స్ ఎక్కడ మొదలయ్యాయో తెలియకుండా, ఎంత పోయిందో ఎలా చెబుతారు?

చల్లటిగది
డాలస్ గారూ, ఫ్రిజ్ కొన్నారా? జూన్ వచ్చేస్తోంది.