టాస్క్‌ఫోర్స్ పట్టుకున్న ఆటో: పిటిషన్ కొట్టేశారు, ఇప్పుడు ఏ కోర్టుకి వెళ్ళాలి?

మాది విశాఖ, గాజువాక. నా ఆటోని రోజు కిరాయికి ఒక డ్రైవర్‌కి ఇచ్చాను. రాత్రి 11 దాటాక రైల్వే స్టేషన్ దారిలో సిటీ టాస్క్‌ఫోర్స్ వాళ్ళు ఆపి చూస్తే ప్యాసింజర్ బ్యాగుల్లో 12 కిలోల గంజాయి దొరికింది. పోలీసుల తప్పేం లేదు, ఏజెన్సీ (మన్యం) గంజాయి మన పోర్టు సిటీ మీదుగా పోకుండా ఆపాల్సిందే. ఆటోతో సహా లోకల్ స్టేషన్‌కి అప్పగించారు. ఎఫ్‌ఐఆర్‌లో ప్యాసింజర్, డ్రైవర్ నిందితులు, నా పేరు లేదు.

ఆర్‌సీ, పర్మిట్, ఇన్సూరెన్స్, కిరాయి డబ్బులు ఫోన్‌పేలో పడిన వివరాలు అన్నీ జతచేసి, బీఎన్ఎస్ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 497 కింద మధ్యంతర కస్టడీకి, అంటే కేసు తేలేదాకా బండిని నాకు అప్పగించమని, కోర్టులో పిటిషన్ వేశాం. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల చట్టం) సెక్షన్ 60 ప్రకారం వాహనం జప్తుకి లోబడి ఉంటుంది, ఓనర్‌కి తెలియదన్న సంగతి విచారణలోనే తేలాలి అని కొట్టేశారు. స్టేషన్‌లో అడిగితే కోర్టు ఆర్డర్ తెమ్మంటున్నారు, అది న్యాయమే. కానీ ఈ ఉప్పు గాలికి ఆరుబయట బండి తుప్పు పట్టిపోతోంది, ఫైనాన్స్ వాయిదాలు ఆగవు, చాలా టెన్షన్‌గా ఉంది.

ఎన్‌డీపీఎస్ కేసుల్లోనూ వాహనాన్ని మధ్యంతరంగా విడుదల చేయొచ్చని సుప్రీంకోర్టు 2025 జనవరిలో బిశ్వజిత్ డే కేసులో చెప్పింది. మా పిటిషన్‌లో అది చూపించలేదు. కానీ బండి జప్తు కాకూడదంటే సెక్షన్ 60(3) ప్రకారం నాకే కాదు, డ్రైవర్‌కి కూడా తెలియదని నిరూపించాలి కదా, ఇక్కడ డ్రైవరే నిందితుడు, నాకు భయం అక్కడే.

ఇలాంటి కేసులో బండి విడిపించుకున్నవాళ్ళు గానీ లాయర్లు గానీ చెప్పండి: ఈ తీర్పు చూపించి అదే కోర్టులో మళ్ళీ పిటిషన్ వేయాలా, లేక నేరుగా హైకోర్టుకి వెళ్ళాలా?