రెండు బ్రష్షుల చిన్న రోబో ఎడమకే లాగుతోంది: నైలాన్ కుచ్చు వంపు నిలిచేదెలా?

రోబో పొడవు 30 మి.మీ., బరువు 9 గ్రాములు. రెండు పక్కలా టూత్‌బ్రష్ ముక్కలు, ఒక్కోదాని మీద 10 మి.మీ. నాణెం ఆకారపు వైబ్రేషన్ మోటారు. ఏటీటైనీ85 అనే చిన్న మైక్రోకంట్రోలర్ చిప్ రెండు మాస్‌ఫెట్‌ల (ఎలక్ట్రానిక్ స్విచ్‌ల) ద్వారా మోటార్లకు పీడబ్ల్యూఎం ఇస్తుంది, అంటే కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వేగం మారుస్తుంది. కుచ్చు ఎత్తు 6 మి.మీ., వెనక్కి వంపు 20 డిగ్రీలు.

గాజు పలక మీద 80 శాతం డ్యూటీ (కరెంటు ఆన్‌లో ఉండే సమయం వాటా) దగ్గర తిన్నగా పోతుంది. 60కి దించితే ఎడమకి తిరుగుతుంది. మోటార్లు అటూ ఇటూ మార్చినా ఎడమకే. అంటే లోపం మోటారుది కాదు, కుచ్చుది. కోడ్‌లో ఎడమ, కుడి డ్యూటీలు వేరుగా పెడితే ఒక వేగానికే సరిపోతోంది; వేగం మారగానే కుచ్చు ఊగే తీరే మారిపోతుంది. ఇంత చిన్న యంత్రంలో నడకంతా ఆ పోగుల్లోనే ఉంది, దీన్ని సాఫ్ట్‌వేర్‌తో కప్పిపుచ్చడం నాకిష్టం లేదు.

అందుకే వంపు సమానం చేద్దామని రెండు బ్రష్షులనూ ఒకే అచ్చులో బిగించి, మరిగే నీళ్లలో 5 నిమిషాలు ఉంచి, అచ్చులోనే చల్లార్చాను. మర్నాటికి కుడివైపు వంపు 12 డిగ్రీలకు తగ్గింది, ఎడమది 18 దగ్గర ఆగింది.

నైలాన్ పోగుల వంపు రెండువైపులా సమానంగా, శాశ్వతంగా నిలవాలంటే ఎంత వేడి, ఎంతసేపు ఇవ్వాలి?