ఏడేళ్లుగా రోజూ స్టెరాయిడ్ మాత్ర: ఆపెయ్యాలా, మింగుతూనే ఉండాలా?

కుట్టుమిషన్ (తణుకు):
నాకు 44. చిన్నప్పటినుంచీ ఆయాసం. ఏడేళ్లుగా పొద్దున్నే ప్రెడ్నిసలోన్ 10 మి.గ్రా., రెండు పూటలా నోటితో పీల్చే పంపు (ఇన్‌హేలర్). మాత్ర మొదలయ్యాక ఆస్పత్రిలో పడుకోలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ ముఖం పూర్ణం బూరెలా అయింది, షుగరొచ్చింది, గాజు తగిలినా చెయ్యి కమిలిపోతోంది. ఇప్పుడు రెండు కళ్లలో శుక్లాలట. సూదిలో దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లని పిలుస్తున్నాను. మా ఆడపడుచు "విషం మింగుతున్నావు, ఆపెయ్" అంటుంది. డాక్టరుగారు "ఆపితే చస్తావు" అంటారు. ఎవరి మాట వినాలి?

వేపచెట్టు:
ఆపెయ్యండమ్మా. మా బావగారు అన్నీ మానేసి మృగశిర కార్తెకి నాంపల్లిలో చేప మందు వేసుకున్నారు. మూడేళ్లయింది, పంపు ముట్టుకోలేదు.

ఇందూరు రాజన్న:
గట్ల చెప్పకు అన్నా. చేప మందు మీద నాకు కోపం లేదు, మేం గూడ కొర్రమీను మింగినోళ్లమే. గని మా నాయిన నాలుగేండ్ల సంది ఏసుకునే గివే స్టెరాయిడ్ గోలీలు ఒక్క దినంల బంద్ వెట్టిండు. నాలుగొద్దులకు వాంతులు, బీపీ పడిపోయింది, మంచం మీదికెల్లి లేవలే. అది ఆయాసం గాదు. బయటికెల్లి రోజూ స్టెరాయిడ్ వస్తుంటే కిడ్నీల మీదుండి ఒంటికి కావాల్సిన స్టెరాయిడ్ తయారుజేసే గ్రంథులు పని మర్శిపోతయని ఐసీయూల చెప్పిండ్రు. అక్కా, నీ డాక్టరు కటువుగ అన్నడు గని ఉత్తగ బెదిరియ్యలే.

కౌంటర్ వెనక (మందుల షాపు, గుంటూరు):
హఠాత్తుగా ఆపకూడదన్నది నిజమే. అలాగని "ఇలాగే మింగు" అంటే అదీ జవాబు కాదు. లెక్కేశాను: ఏడేళ్లకి 25 గ్రాములు దాటింది. జీవితం మొత్తమ్మీద అరగ్రాము, గ్రాము చేరేసరికే షుగరు, ఎముకలు గుల్లబారడం లాంటివి పెరుగుతున్నాయని బ్రిటన్ రోగుల రికార్డులు చూసి 2018లో రాశారు. అక్కకి ఆ గ్రాము మొదటి వంద రోజుల్లోనే అయిపోయింది. 40 మి.గ్రా. చొప్పున ఐదు రోజులు వాడేవాళ్లు "నాది రోజూ కాదుగా" అనుకుంటారు. ఐదుసార్లు వాడితే వాళ్లదీ గ్రామే! పాత చీటీ చూపిస్తే ఒకప్పుడు నేనూ ఇచ్చేవాణ్ణి. ఇప్పుడివ్వను.

ఒకటి మాత్రం వినండి, మాత్ర మీద కోపంతో పంపు మానకండి. అందులోనూ స్టెరాయిడే ఉన్నా అది మైక్రోగ్రాముల్లో, నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది. మందులు వేరు కాబట్టి అంకెకి అంకె పోల్చలేం గానీ, మీ మాత్ర 10,000 మైక్రోగ్రాములు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు, నోట్లో తెల్లపూత చాలావరకు రాదు.

వేపచెట్టు:
మందుల షాపువాళ్లు మందు మానమంటారా ఎక్కడైనా!

కౌంటర్ వెనక:
ప్రెడ్నిసలోన్ అట్ట అమ్మితే టీ ఖర్చు కూడా మిగలదండీ బాబూ.

లీడ్స్ కోడలు:
నాది 15 మి.గ్రా. ఉండేది. ఇక్కడ బ్రిటన్‌లో, రక్తంలో ఇసినోఫిల్స్ (ఒక రకం తెల్లకణాలు) ఎక్కువున్నాయని, వాటిని తగ్గించే మెపోలిజుమాబ్ సూది నెలకొకటి మొదలుపెట్టారు. మాత్ర సున్నాకి రావడానికి 14 నెలలు పట్టింది. 5 మి.గ్రా. దాకా చకచకా దిగింది, అక్కణ్ణుంచి నత్తనడకే. ఒంట్లో సొంతంగా తయారయ్యే స్టెరాయిడ్ ఎంతుందో చెప్పే పొద్దుటి కార్టిసాల్ పరీక్ష చూస్తేగానీ కిందికి దించలేదు. ఆ నెలల్లో కీళ్లు పీకేసేవి, మంచం దిగబుద్ధయ్యేది కాదు. అయినా నన్నడిగితే అదే దారి.

ఇందూరు రాజన్న:
మీకాడ సర్కారిస్తది చెల్లె. ఈడ ఆ సూది ధర ఇంటెనే ఆయాసమొస్తది.

లీడ్స్ కోడలు:
కాదనను అన్నా. సూది కొనలేకపోయినా చూడాల్సినవి ఉన్నాయి కదా. అక్కా, ఆస్పర్‌జిల్లస్ బూజు అలర్జీ పరీక్ష చేశారా? మన దేశంలో మొండి ఆయాసం వెనక అది తరచూ ఉంటుంది. అదే అయితే బూజు మందుతో మాత్ర తగ్గించే వీలుంది. మీరు పంపు పీల్చే తీరు ఎవరైనా చూశారా? ఎముకలు గుల్లబారాయేమో చూసే డెక్సా స్కాన్ తీశారా?

కౌంటర్ వెనక:
ఆ బూజు మందుగా ఇట్రాకొనజోల్ రాస్తే మాత్రం మీ పంపు డాక్టరుకి చూపించండి. అందులో బుడెసొనైడ్ అనే స్టెరాయిడ్ ఉంటే, ఆ రెండూ కలిసి స్టెరాయిడ్ ఒంట్లో పేరుకుంటుంది.

కుట్టుమిషన్:
బూజు పరీక్ష చెయ్యలేదమ్మా. డెక్సా పేరు ఇప్పుడే వింటున్నా. పంపు పీల్చి చూపించమని ఏడేళ్లలో ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. మంగళవారం వెళ్తున్నా, మూడూ కాగితమ్మీద రాసుకున్నా. సొంతంగా ఆపను, కానీ ఎలా తగ్గిస్తారో చెప్పేదాకా కుర్చీలోంచి లేవను. గుంటూరు తమ్ముడూ, శుక్లం ఆపరేషనప్పుడు ఈ మాత్ర సంగతి చెప్పాలా?

కౌంటర్ వెనక:
ముందే చెప్పాలక్కా. వాళ్లు చెబితే తప్ప ఆ పూట మాత్ర మానొద్దు. వాంతులై మాత్ర కడుపులో నిలవకపోతే ఇంట్లో కూర్చోకండి, వెంటనే ఆస్పత్రికి వెళ్లండి.

లీడ్స్ కోడలు:
ఇక్కడ మాకు దీనికోసం కార్డు ఇస్తారు. మీరు తెల్లకాగితమ్మీద "రోజూ స్టెరాయిడ్ వాడుతున్నాను, ఉన్నట్టుండి ఆపకూడదు" అని రాసి పర్సులో పెట్టుకోండి. మీ ఆడపడుచుకీ ఒక కాపీ ఇవ్వండి.