అలాతస్పందితమా, అలాతస్పందనమా?

పాతపద్యం: మూడు రోజులుగా ఒక పాదం నోట్లో నానుతోంది. గౌడపాదకారిక (గౌడపాదాచార్యుల అద్వైత గ్రంథం), నాలుగో ప్రకరణం. 'ఋజువక్రాదికాభాసం' (తిన్నగానో వంకరగానో కనబడేది) తర్వాత 'అలాతస్పందితం యథా'నా, 'అలాతస్పందనం యథా'నా? అలాతమంటే కొరివి. సినిమాలో కదలిక మనకెలా కనిపిస్తుందో రాస్తూ, కొరివి తిప్పితే కనబడే చక్రాన్ని పోలికగా తెచ్చుకున్నాను. కలం అక్కడే ఆగింది.

అరసున్న: స్పందితమే. ఛందస్సే చెబుతోంది.

గురులఘువు: ఛందస్సు చెప్పదండీ. ఈ శ్లోకం అనుష్టుప్పు, పాదానికి ఎనిమిది అక్షరాలు. సరిపాదంలో, అంటే రెండు, నాలుగు పాదాల్లో, అయిదోది లఘువు, ఆరోది గురువు, ఏడోది లఘువు. 'ది-తం-య' అన్నా 'ద-నం-య' అన్నా లెక్క ఒకటే. అర్థంతో తేల్చాలి.

అరసున్న: లెక్క ఒప్పుకున్నాను. అయినా 'స్పందితం' అంటే జరిగిపోయిన కదలిక, కంట మిగిలిన గీత. 'స్పందనం' అంటే ఇంకా జరుగుతున్నది. చక్రం కనబడేది గీత మిగలడం వల్లనే కదా!

గురులఘువు: భావార్థంలో, అంటే క్రియను మాత్రమే చెప్పేటప్పుడు, క్త ప్రత్యయం ('స్పందిత'లోని 'త') వస్తే రెండూ ఒకటే. అంత కాలభేదం అందులో లేదు.

రీలుపెట్టె: పదం సంగతి తర్వాత చూడండి, ముందు పోలికే తిరగబడింది. మా నాన్నగారు టూరింగ్ టాకీసులో ప్రొజెక్టర్ నడిపేవారు. తెగిన ఫిలిం ముక్కలు నా చేతికిచ్చేవారు. ఒక్కో బొమ్మకు అటు నాలుగు, ఇటు నాలుగు చిల్లులు. ఒక బొమ్మలో చెయ్యి భుజం దగ్గర, తర్వాతి దానిలో గింజంత పైన. సెకనుకు 24 బొమ్మలు. ప్రతి బొమ్మా దీపం ముందు నిలుస్తుంది. ఫిలిం జరిగేటప్పుడు షట్టరు వెలుగును మూసేస్తుంది. రెండు రెక్కల షట్టరైతే ఒక్కో బొమ్మ రెండుసార్లు మెరుస్తుంది, అంటే 48 మెరుపులు. తెర మీద కదలిక ఒక్క క్షణం కూడా పడదు. కొరివి నిజంగా తిరుగుతుంది, నిలిచిన చక్రం కనిపిస్తుంది. సినిమాలో నిలిచిన బొమ్మలుంటాయి, కదలిక కనిపిస్తుంది.

పాతపద్యం: కానీ 1765లో ఫ్రాన్సులో దార్సీ అనే శాస్త్రవేత్త నిప్పుకణికనే తిప్పి కొలిచాడు. చుట్టుకు సుమారు 0.13 సెకను పడితే వలయం తెగకుండా కనబడిందట. సినిమాకూ మూలం అదే దృష్టి నిలకడ కాదా?

రీలుపెట్టె: అది వెలుగు నిలిచిపోవడం. నిలకడ ఒక్కటే పనిచేస్తే బొమ్మ మీద బొమ్మ పేరుకుని అలుక్కుపోవాలి, చెయ్యి పైకి లేవకూడదు. 1912లో వెర్ట్‌హైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపించాడు. సెకనులో అయిదో వంతు ఎడమిస్తే రెండు గీతలు విడివిడిగా వచ్చాయి. సుమారు 0.06 సెకనుకు తగ్గిస్తే ఒకే గీత అక్కడి నుంచి ఇక్కడికి జరిగింది. మధ్యలో ఏ గీతా లేదు. ఆ ప్రయాణం కట్టింది మెదడే.

గురులఘువు: అయితే ఉత్తరార్ధం చదవండి: 'విజ్ఞానస్పందితం తథా'. స్పందించేది విజ్ఞానం, అంటే చైతన్యం! బొమ్మ నిలిచి ఉండగా కదిలేది చూసేవాడి లోపలే. పోలిక తిరగబడలేదు, రెండో సగంలో నిలబడింది.

మల్లెపందిరి: ఇంత దూరం ఎందుకండీ, పోతనగారు ఉండగా! 'సిరికిం జెప్పడు' పద్యం ఒక్కసారి పైకి చదవండి. చెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, చక్కనొత్తడు, వీడడు. ఆరు వ్యతిరేక క్రియలు. నడిచినట్టు, పరుగెత్తినట్టు ఒక్క మాటా లేదు. అయినా చదివే ప్రతివాడికీ స్వామి పరుగు కనిపిస్తుంది. ఆరు నిలిచిన బొమ్మలు! ఆ 'వీడడు' దగ్గర లక్ష్మి కొంగు చేతిలో ఉండగానే ఆయన వెళ్ళిపోతున్నాడు.

రీలుపెట్టె: ఇది నాకు ఎప్పుడూ తట్టలేదు. మా నాన్నగారికి వినిపించాల్సిన మాట.

అరసున్న: 'చలనచిత్రం' కూడా 'చలించే బొమ్మ' కాదని నా నమ్మకం. చిత్రమంటే ఆశ్చర్యం. చలనమనే చిత్రం.

గురులఘువు: అది తర్వాత కల్పించిన వ్యుత్పత్తి. నేను ఒప్పుకోను.

బండి-ఱ: అందరూ 'కొరివి' అంటున్నారు, నిఘంటువులో 'కొఱవి'. ముందు అది దిద్దుకోండి.

పాతపద్యం: దిద్దుకుంటాను. మరి స్పందితమా, స్పందనమా?

మల్లెపందిరి: 'వీడడు' తర్వాత 'గజప్రాణావనోత్సాహియై' అన్నాడు చూశారా, అక్కడా సమాపక క్రియ లేదు!